మూడేళ్ళు కట్టాక వాయిదాలు తగ్గకపోగా పెరిగాయి: ఒక్క జీతం, ఇంటి లోన్

ఇంటిలెక్క

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

మా ఇంట్లో సంపాదన మావారిది ఒక్కరిదే. బాబు పుట్టాక నేను ఉద్యోగం మానేశాను. డబ్బు లెక్కలన్నీ నేనే చూసుకుంటాను. మూడేళ్ళ కిందట 20 ఏళ్ళ కాలానికి 9 శాతం ఫ్లోటింగ్ (మధ్యలో మారే) వడ్డీతో ఇంటి లోన్ తీసుకున్నాం. ఇప్పటికి 36 వాయిదాలు కట్టాం, ఒక్కటి కూడా తప్పలేదు.

మొన్న రాత్రి బాబు పడుకున్నాక స్టేట్‌మెంట్ తీసి చూశాను. చివరి పేజీలో కింద చిన్న అక్షరాల్లో ‘మిగిలిన వాయిదాలు: 245’ అని ఉంది. లోన్ మొదలైనప్పుడు ఉన్నవి 240. మూడుసార్లు చదివాను. మూడేళ్ళు కడితే ఎక్కడి గొంగళి అక్కడే ఉండటం కూడా కాదు, ఇంకో ఐదు వాయిదాలు వెనక్కి పోయాం. ఈమధ్యే రేటు 10 శాతానికి పెరిగిందని మెసేజ్ వచ్చింది. ఈఎంఐ (నెల వాయిదా) మారలేదు కదా అని దాన్ని పట్టించుకోలేదు.

మాది పెద్ద జీతం కాదు. అసలు అంకెలు రాయకుండా జీతం 100 అనుకుని చెబుతాను, ఎవరి జీతంతో వాళ్ళు పోల్చుకోవచ్చు. ఈఎంఐ 40. సరుకులు 22. కరెంటు, నీళ్ళు, ఫోన్ కలిపి 6. రాకపోకలు 7. బాబు నెల ఫీజు 8. మందులు 4. చిల్లర ఖర్చులు 5. మొత్తం 92. నెలకు 8 మిగలాలి. మిగలడం లేదు. పైగా ఏడాది కిందట 360 ఉన్న దాచుకున్న డబ్బు ఇప్పుడు 300కి వచ్చింది. ఆ 60 ఎటు పోయిందో చెప్పలేకపోతున్నాను. మేము విందులకు, షికార్లకు తిరిగే మనుషులం కాదు.

ఇప్పుడు ఉన్న 300లో చాలా భాగం లోన్‌లో కట్టేసి ఆ 245ని కిందికి దించాలని ఉంది. టెన్షన్‌తో రెండు రాత్రులుగా నిద్ర లేదు. చేయమంటారా, వద్దంటారా?

---

వడ్డీచక్రం

ముందు ఒక్క మాట అండి. వాళ్ళ లెక్కలో పొరపాటు లేదు. నేను కూడా వేసి చూశాను, సరిగ్గా 245 వస్తోంది.

అప్పు 100 అనుకోండి. 9 శాతానికి 20 ఏళ్ళ వాయిదా దాదాపు 0.90. మొదటి నెల వడ్డీయే 0.75. అంటే అసలులోకి పోయింది 0.15 మాత్రమే. మూడేళ్ళలో మీరు కట్టింది మొత్తం 32. అందులో అసలు తగ్గింది 6. ఇంకా 94 బాకీ ఉంది. ఆ 94 మీద రేటు 10 శాతమైతే నెల వడ్డీ 0.78 అవుతుంది. వాయిదా అదే 0.90 కాబట్టి అసలుకు 0.12 మిగులుతుంది. అంత సన్నటి ధారతో 94 తీరాలంటే 245 నెలలు పడుతుంది.

రేటు పెరిగినప్పుడు ఈఎంఐ పెంచకుండా కాలాన్ని సాగదీయడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. మనకు నొప్పి తెలియదు, అందుకే ప్రమాదం. మీ విషయంలో రేటు 11.5 శాతానికి చేరిందంటే వాయిదా మొత్తం వడ్డీకే సరిపోతుంది, అసలు చిల్లిగవ్వ కూడా తగ్గదు. ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. 20 ఏళ్ళ లోన్‌లో సగం అసలు తీరేది పదో ఏట కాదు. 9 శాతం దగ్గర అది 14వ ఏడాది చివర్లో తీరుతుంది.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. రేటు మారకపోతే మీకు ఈపాటికి 204 మిగిలి ఉండాలి. మళ్ళీ 204కి రావడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఈఎంఐని 40 నుంచి 42.6కి పెంచడం. రెండు, ఈఎంఐ అలాగే ఉంచి ఒకేసారి 255 కట్టడం, అంటే రెండున్నర నెలల జీతం. మొదటి దారిలో చివరికి మిగిలేది సుమారు 11 నెలల జీతం. నెలకు 2.6 పెంచినందుకు 11 నెలల జీతం, చూడండి.

---

మూడోగది

రెండో దారే మంచిది. మీ 300 ఎక్కడ ఉన్నా దాని మీద 10 శాతం రావడం లేదు కదా? ఇటు 10 శాతానికి అప్పు పెట్టుకుని అటు తక్కువ వడ్డీకి డబ్బు దాచుకోవడం అంటే తూము తెరిచి పెట్టి తొట్టి నింపడమే. మా ఇంట్లోనూ సంపాదన నాది ఒక్కడిదే. చేతిలో మిగిలిన ప్రతిదీ లోన్‌లో వేస్తున్నాను, ఐదేళ్ళలో సగానికి పైగా దించాను. 255 కట్టేయండి అక్కా, ప్రశాంతంగా పడుకోండి.

---

తూనీగ

దయచేసి కట్టకండి. ఇది నాకు జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నాలుగేళ్ళ కిందట నేనూ ఇలాగే ఆలోచించాను. బోనస్, దాచుకున్నది, అంతా పోగేసి ఒకేసారి కట్టేశాను. కాలపరిమితి నాలుగేళ్ళు తగ్గింది. ఆ కాగితాన్ని ఇంట్లో అందరికీ చూపించాను. ఏడు నెలలు తిరక్కుండానే నేను పనిచేసే చోట మా విభాగాన్ని మూసేశారు. ఐదు నెలలు జీతం లేదు.

మొదటి నెల ధైర్యంగానే లోన్ ఇచ్చిన చోటికి వెళ్ళాను. “అంత ముందుగా కట్టాను కదా, ఈ నాలుగైదు వాయిదాలకు అందులోంచి సర్దుకోండి” అన్నాను. కౌంటర్‌లో ఉన్న అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. “సార్, అది అసలులోకి వెళ్ళిపోయింది. వాయిదాలకు అడ్వాన్స్ కాదు. వచ్చే నెల వాయిదా వచ్చే నెల కట్టాల్సిందే.” అప్పటిదాకా ఈ తేడా నాకు తెలియదు. నా డబ్బంతా ఆ గోడల్లోనే ఉంది. కానీ గోడలోంచి ఇటుక తీసి స్కూలు ఫీజు కట్టలేం కదా.

ఇంటి ఖర్చుకు క్రెడిట్ కార్డు వాడాను. నెలకు 3 శాతం అంటే తక్కువే అనిపించింది. వడ్డీ మీద వడ్డీ కలిస్తే ఏడాదికి 42 శాతం దాటుతుంది. 10 శాతం అప్పు తొందరగా తీర్చాలని పోయి 42 శాతం అప్పులో పడ్డాను. ప్రతి నెలా 5వ తారీఖు ఫోన్‌ని బోర్లా పెట్టి ఉంచేవాణ్ణి, మెసేజ్ కనపడకూడదని. ఉద్యోగం దొరికాక కూడా కార్డు బాకీ తీర్చడానికి రెండేళ్ళు పట్టింది.

రెండు జీతాలున్న ఇంట్లో ఒకటి ఆగితే రెండోది ఉంటుంది, చన్నీళ్ళకు వేన్నీళ్ళలా. మనకు ఆ వేన్నీళ్ళు లేవు. మీ 300 మీకు రెండో జీతం లాంటిది అక్కా. దాన్ని ముట్టుకోకండి.

---

మూడోగది

తూనీగ అన్నా, మీరు చెప్పింది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. నా దగ్గర ఇప్పుడు రెండు నెలల ఖర్చుకు కూడా చేతిలో లేదు. మిగిలినదంతా లోన్‌లోనే ఉంది. ఈ నెల నుంచి లోన్‌లో అదనంగా వేయడం ఆపి, ముందు ఆరు నెలల వాయిదాలు, ఇంటి ఖర్చు కలిపి పక్కన పెడతాను. అక్కా, నా సలహా వెనక్కి తీసుకుంటున్నాను. అయినా ఆ డబ్బు అలా నిద్రపోతుంటే వడ్డీ పోతోందన్న బాధ మాత్రం తీరలేదు.

---

నిదానం

నేను కొన్నేళ్ళు రుణాల విభాగంలో పనిచేశాను. ఆ బాధకు ఒక మందు ఉంది. కొన్నిచోట్ల ఇంటి లోన్‌కు జతగా ఒక ఖాతా ఇస్తారు. అందులో మీ డబ్బు ఎంత ఉంటే అంత మేరకు అప్పు మీద వడ్డీ పడదు, కావాలంటే ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. తూనీగ గారికి జరిగింది ఇందులో జరగదు. రేటు మామూలు లోన్ కంటే కాస్త ఎక్కువ ఉండవచ్చు కాబట్టి, మీరు ఎంత డబ్బు ఎంతకాలం అందులో ఉంచగలరో చూసుకుని లెక్క వేయాలి. నిల్వ తక్కువగా ఉండేవాళ్ళకు లాభం ఉండదు.

అంతకంటే ముందు చేయాల్సింది ఇంకొకటి ఉంది. కొత్తగా లోన్ తీసుకునేవాళ్ళకు ఈరోజు ఎంత రేటు ఇస్తున్నారో కనుక్కోండి. పాతవాళ్ళ రేటు కొత్తవాళ్ళకంటే ఎక్కువ ఉండటం మామూలే. అడగనివాళ్ళకు ఎవరూ పిలిచి తగ్గించరు. ‘36 వాయిదాలు క్రమం తప్పకుండా కట్టాను, రేటు సవరించండి’ అని రాతపూర్వకంగా ఇవ్వండి. దానికి కొంత ఫీజు అడగవచ్చు, కట్టినా మిగులుతుంది. మీకు 10 నుంచి 9.5కి తగ్గిందనుకోండి, ఈఎంఐ పెంచకుండానే 245 కాస్తా 222 అవుతుంది. ఒక్క ఉత్తరానికి 23 వాయిదాలు.

ఇంకో విషయం, నేను పనిచేసిన రోజుల్లో చూసి చూసి బాధపడ్డది. కష్టం వచ్చినవాళ్ళు వాయిదా తప్పాక వచ్చేవాళ్ళు, తప్పకముందు వచ్చేవాళ్ళు కాదు. ముందుగా వస్తే కాలం పెంచడం, కొన్ని నెలలు వాయిదా తగ్గించడం వంటివి మాట్లాడే వీలుంటుంది. రెండు మూడు తప్పాక వస్తే ఫైలు వేరే బల్ల మీదికి పోతుంది. సిగ్గుపడి ఇంట్లో కూర్చోవద్దు. ఇది మీకోసమే కాదు, చదివేవాళ్ళందరికీ చెబుతున్నాను.

---

వెన్నెలమెట్లు

అందరూ లోన్ గురించే మాట్లాడుతున్నారు. నాకు ఆ పోయిన 60 మీద మనసు ఉంది. ఇంటిలెక్క గారూ, మీరు రాసిన 92లో అన్నీ నెలనెలా వచ్చేవే. ఏడాదికి ఒకసారో రెండుసార్లో వచ్చేవి ఏవీ? బీమా, స్కూలు పుస్తకాలు, ఇంటి పన్ను, బండి? పోయిన 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని అవి మాత్రం రాయండి. గుర్తు తెచ్చుకుని రాయకండి, చూసి రాయండి. సరుకుల డబ్బు ఎలా తీస్తారో కూడా చెప్పండి, నెలకా, వారానికా?

---

ఇంటిలెక్క

ముందుగా తూనీగ గారికి, అంత కష్టమైన సంగతి మాకోసం రాసినందుకు చాలా కృతజ్ఞతలు. అది మావారికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “మన 300 అలాగే ఉండనీ” అన్నారు.

వెన్నెలమెట్లు గారూ, కూర్చుని రాశాను. రెండు గంటలు పట్టింది. బాబు పాత లెక్కల నోటుబుక్కులో వెనక పేజీ మీద రాసుకున్నాను.

మావారి పేరున ఉన్న పొదుపు బీమా పాలసీ ప్రీమియం 42. స్కూలు ఏడాది ఫీజు, పుస్తకాలు, యూనిఫాం 30. ఇంటి పన్ను, భవనం నిర్వహణ 18. బండి సర్వీసు, బండి బీమా 12. ప్రయాణాలు, కానుకలు 20. ఇంట్లో రిపేర్లు 10. కూడితే 132. ఇంత ఉంటుందని నిజంగా అనుకోలేదు.

సరుకుల డబ్బు ప్రతి శనివారం తీస్తాను. 22ని నాలుగు వారాలకు భాగించి వారానికి 5.5.

---

వెన్నెలమెట్లు

దొరికింది అండి. రెండు చోట్ల కారుతోంది.

132ని 12తో భాగిస్తే నెలకు 11. మీకు నెలకు మిగులుతున్నాయనుకున్నవి 8. అంటే నెలకు 3 లోటు, ఏడాదికి 36.

ఇక వారాలు. ఏడాదికి 52 శనివారాలు ఉంటాయి, 48 కాదు. మీరు నెలకు నాలుగే వారాలని భాగించారు. 5.5 చొప్పున 52 సార్లు తీస్తే 286. మీరు అనుకున్నది 264. తేడా 22, సరిగ్గా ఒక నెల సరుకుల డబ్బు.

36, 22 కలిపితే 58. మీ 60 అదే.

నేనూ ఇదే తప్పు చేశాను, ఆరేళ్ళు చేశాను. ఐదు శనివారాలు వచ్చిన నెలలో ఎందుకో డబ్బు చాలడం లేదని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఖర్చు చేసే మనిషిలో తప్పేమీ లేదు, భాగించిన సంఖ్యలో ఉంది. 264ని 52తో భాగించండి, వారానికి 5 చిల్లర. ఆ 5ని ఒక కవరులో పెట్టుకోండి.

11 కోసం వేరే ఖాతా తెరవండి. జీతం వచ్చిన రోజే ఆ 11 అందులోకి పోవాలి, ఈఎంఐ పోయినట్టే. స్కూలు ఫీజు వచ్చిన రోజున అది మీకు దెబ్బ కాకూడదు. నా దగ్గర ఆ ఖాతా కార్డు ఇంట్లో బీరువాలోనే ఉంటుంది, పర్సులో పెట్టుకోను.

---

ఇంటిలెక్క

ఇది చదివి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడాదిగా నా చేతిలో ఏదో లోపం ఉందనుకుంటున్నాను. సంపాదించని మనిషిని, కనీసం ఉన్నదాన్ని జాగ్రత్తగా వాడలేకపోతున్నానని. మావారు ఒక్క మాట అనలేదు, నాకు నేనే అనుకున్నాను.

కానీ ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఈ లోటు పూడ్చడానికే నెలకు 3 కావాలి. ఈఎంఐ పెంచడానికి 2.6. రెండూ ఎక్కడి నుంచి తేవాలి?

---

పాతకాపు

అమ్మా, నేను 19 ఏళ్ళు ఒక్క జీతంతో కట్టి ఇల్లు విడిపించుకున్నవాణ్ణి. ఆ జాబితాలో నాకు మొదట కనిపించింది 42.

పొదుపు, బీమా కలిపిన పాలసీలో కట్టేదాంట్లో ఎక్కువ భాగం పొదుపుకే పోతుంది, బీమా రక్షణ తక్కువ. ఒక్కసారి పాలసీ కాగితం తీసి చూడు, మీవారికి ఏమైనా అయితే వచ్చే మొత్తం మీ లోన్ బాకీకి కూడా సరిపోతుందా? మాది మూడో వంతుకు కూడా సరిపోలేదు. ఆ రోజు నాకు చెమటలు పట్టాయి. ఉత్త టర్మ్ పాలసీ (పొదుపు లేకుండా బీమా మాత్రమే ఉండేది) తీసుకున్నాను, లోన్ బాకీ మొత్తానికి, పైన మా ఇంటి కొన్నేళ్ళ ఖర్చుకు సరిపడా. దాని ప్రీమియం నా పాత పాలసీలో ఐదో వంతు అయింది. వయసు, ఆరోగ్యాన్ని బట్టి నీకు వేరుగా ఉండొచ్చు.

ఒక జాగ్రత్త. కొత్త పాలసీ చేతికి వచ్చాకే పాతదాన్ని ఆపాలి, ముందు కాదు. మొదటి కొన్నేళ్ళలో సరెండర్ చేస్తే, అంటే పాలసీ వదులుకుని డబ్బు వెనక్కి తీసుకుంటే, కట్టినదాంట్లో చాలా పోతుంది. ‘పెయిడప్’ చేయవచ్చేమో అడుగు. ఇక ప్రీమియం కట్టనక్కర్లేదు, తగ్గిన మొత్తంతో పాలసీ అలాగే నడుస్తుంది.

లోన్‌తో పాటు అంటగట్టే బీమా ఉంటుంది, చూసుకో. చాలావాటిలో రక్షణ అప్పుతో పాటే తగ్గుతూ పోతుంది, అప్పు తీరితే చాలని. ఇల్లు మిగులుతుంది సరే, ఇంట్లోవాళ్ళు ఏం తినాలి?

ఇంకొకటి, చాలామంది చావు గురించే ఆలోచిస్తారు. ఒక్క జీతం ఇంటికి అంతకంటే పెద్ద భయం జబ్బు. మనిషి ఉంటాడు, మందుల ఖర్చు ఉంటుంది, జీతం ఉండదు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే పోతుంది. సొంతానిది ఒకటి, చిన్నదైనా, ఉండాలి. నీ పేరు మీద కూడా ఉండాలమ్మా. నువ్వు నెల రోజులు మంచాన పడితే ఆ ఇంట్లో ఎన్ని పనులకు డబ్బిచ్చి మనిషిని పెట్టుకోవాలో ఒకసారి రాసి చూడు. సంపాదించని మనిషినని మళ్ళీ అనకు.

---

వడ్డీచక్రం

పాతకాపు గారు చెప్పినట్టు 42 బదులు కొత్త ప్రీమియం 8 అవుతుందనుకుంటే ఏడాదికి 34 తగ్గుతుంది. మీ లోటు 36. వారాల లెక్క సరిచేస్తే మిగతా 22 కూడా ఆగిపోతుంది. అంటే ఇల్లు దాదాపు సమానానికి వస్తుంది, దాచినది కరగడం ఆగుతుంది.

కాబట్టి నా మొదటి సలహాను సవరించుకుంటున్నాను. ఈఎంఐని ఇప్పుడే పెంచకండి. ముందు రేటు తగ్గించమని ఉత్తరం. తర్వాత కారడం ఆపడం. జీతం పెరిగిన నెలలో, ఆ పెరిగినది చేతికి అలవాటు పడకముందే, ఈఎంఐ పెంచండి. రేటు 9.5కి వస్తే 42.6 అక్కర్లేదు, 41.3 చాలు 204కి చేరడానికి.

పెంపు ఎంత చిన్నదైనా పనిచేస్తుంది. 9 శాతం, 20 ఏళ్ళ లోన్‌లో ఏటా వాయిదాను 5 శాతం పెంచుకుంటూ పోతే సుమారు 12 ఏళ్ళకే తీరుతుంది. అలా వీలుకాక ఏడాదికి ఒక్క వాయిదా అదనంగా కట్టినా పదహారున్నర ఏళ్ళలో అయిపోతుంది. ఇది రేటు మారకుండా ఉంటే అని.

---

నిదానం

ఒక చిన్న చేర్పు. ఈఎంఐ పెంచమని కాగితం మీద రాసిస్తే ఆ పెరిగినది ప్రతి నెలా కట్టి తీరాల్సిన బాధ్యత అవుతుంది. అదనంగా కట్టేటప్పుడు ఛార్జీలు లేవని మీ ఒప్పందంలో ఉంటే, ఈఎంఐ 40 గానే ఉంచి, 1.3ని మీరే వేరుగా అసలులో వేసుకోవచ్చు. ఫలితం ఒకటే, కష్టం వచ్చిన నెలలో ఆపే స్వేచ్ఛ మాత్రం మీ చేతిలో ఉంటుంది. క్రమశిక్షణ మీకు ఉంది కాబట్టి చెబుతున్నాను. అది లేనివాళ్ళకు ఈఎంఐ పెంచుకోవడమే మేలు. వేసిన ప్రతిసారీ ‘అసలులో జమ చేయండి’ అని రాయించుకుని, తర్వాతి స్టేట్‌మెంట్‌లో అసలు తగ్గిందో లేదో చూడండి.

---

కొత్తగాలి

మధ్యలో వచ్చినందుకు ఏమనుకోకండి. నాదీ ఒక్క జీతమే. లోన్ ఇంకా తీసుకోలేదు, వచ్చే ఏడాది అనుకుంటున్నాం. జీతంలో సగం దాకా ఈఎంఐకి ఇస్తామంటున్నారు. ఎంతవరకు తీసుకోవచ్చు?

---

పాతకాపు

వాళ్ళు ఇస్తామనేది నువ్వు కట్టగలిగేది కాదు తమ్ముడూ. ఇప్పుడు కడుతున్న అద్దె, రాబోయే ఈఎంఐ మధ్య తేడా ఎంతో చూడు. ఆ తేడాను ఈ నెల నుంచే వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టు, ఆరు నెలలు. పన్ను, నిర్వహణ కూడా కలిపి వెయ్యి. ఒక్క నెల కూడా అందులోంచి తీయకుండా గడిస్తే ఆ ఈఎంఐ నీకు సరిపోతుంది. తీయాల్సి వస్తే ఇల్లు చిన్నదైనా చూసుకో, ఇంకో ఏడాది ఆగనైనా ఆగు. ఆ ఆరు నెలల డబ్బు ఎలాగూ నీ దగ్గరే ఉంటుంది.

---

ఇంటిలెక్క

అందరికీ ఒక్కటి అడగాలని ఉంది. నేను మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళాలా? బాబు వచ్చే ఏడాది నుంచి పూర్తి రోజు బడికి వెళ్తాడు. మావారు నన్ను ఒత్తిడి చేయడం లేదు.

---

వెన్నెలమెట్లు

వెళ్ళాలని మీకు ఉంటే వెళ్ళండి, లోన్ భయంతో మాత్రం కాదు. లెక్క కోసమైతే ఇలా వేయండి. వచ్చే జీతంలోంచి రాకపోకలు, పిల్లాణ్ణి చూసుకునే ఖర్చు, ఇప్పుడు మీరు ఇంట్లో చేసుకుంటున్న పనులకు బయట పెట్టే ఖర్చు తీసేయండి. మిగిలినదే అసలు జీతం. నాకు మొదటి రెండేళ్ళు నాలుగో వంతే మిగిలింది. అయినా వెళ్ళాను, ఎందుకంటే ఏళ్ళు గడిచేకొద్దీ మళ్ళీ చేరడం కష్టమవుతుందని. అది నా కారణం.

ఒకవేళ చేరితే, ఇల్లు మాత్రం మీవారి జీతం మీదే నడవనివ్వండి. మీది మొత్తం ఆ 300 మీదికి చేర్చండి, ఆరు నెలలకు సరిపడా అయ్యేదాకా. రెండు జీతాలకు తగ్గట్టు ఖర్చు పెరిగిందంటే మళ్ళీ ఒకటికి దిగడం చాలా కష్టం.

---

తూనీగ

ఇది నిజం. ఇంకొకటి కూడా. లోన్ కాగితాలు, బీమా పాలసీలు, నామినీ పేర్లు, ఖాతాల వివరాలు ఎక్కడున్నాయో మీవారికి కూడా తెలియాలి, మీ ఒక్కరికే కాదు. మా ఇంట్లో అన్నీ నాకే తెలుసు. నేను దిగులుతో పడిపోయిన ఆ ఐదు నెలల్లో మా ఆవిడకు ఏ కాగితం ఎక్కడుందో తెలియక ఇంకా నలిగిపోయింది. ఇప్పుడు నెలకోసారి ఇద్దరం కూర్చుంటాం. అరగంట, అంతే.

---

ఇంటిలెక్క (నాలుగు నెలల తర్వాత)

అందరూ ఎలా ఉన్నారు? చెప్పాలని వచ్చాను.

ఉత్తరం ఇచ్చాం. మొదటిసారి “చూస్తాం” అన్నారు, మూడు వారాలు కదలిక లేదు. రెండోసారి మావారు సెలవు పెట్టి వెళ్ళారు, నిదానం గారు చెప్పినట్టు కొత్తవాళ్ళకు ఇస్తున్న రేటు కాగితం పట్టుకుని. కొంత ఫీజు తీసుకుని 9.5 చేశారు.

టర్మ్ పాలసీ వచ్చాకే పాతదాన్ని పెయిడప్ చేశాం. వేరే ఖాతా తెరిచాం, దాని కార్డు బీరువాలో ఉంది. స్కూలు పుస్తకాల డబ్బు పోయిన నెల అందులోంచే కట్టాను. కట్టి బయటికి వచ్చాక గేటు దగ్గర కాసేపు నిలబడిపోయాను. ఏటా ఆ రోజు మా ఇంట్లో ఒక గొడవ ఉండేది.

సరుకుల కవరు మాత్రం రెండు వారాలు దాటిపోయింది, చుట్టాలు వచ్చారు. మళ్ళీ దారిలో పడ్డాం. 300 ఇంకా 300 గానే ఉంది, ఈ నెల 302.

మావారికి జీతం 4 శాతం పెరిగింది. మొదటి పెంపు జీతం వచ్చిన రోజే 1.3 అసలులో వేశాం. లెక్క వేసుకుంటే, ఇలాగే కడితే మిగిలేవి 201. బాబు నోటుబుక్కులో ఆ పేజీ మీద 245 కొట్టేసి పక్కన 201 రాశాను. వాడు చూసి “అమ్మా, తీసివేత తప్పు చేశావు, దిద్దావు” అన్నాడు. అవునన్నాను.

ఈ ఆదివారం ఇద్దరం కూర్చుని కాగితాలన్నీ ఒక ఫైల్లో పెడుతున్నాం. నామినీ పేరు ఒకచోట ఇంకా మా మామగారిదే ఉంది, అది మార్పించాలి.